ప్రాణబలమునకు నాణెమును కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావుగారు

మానవదేహమున వెన్నెముక మొదలుకొని పాదముల వరకు సాగియున్న నాడీతంతువులు కలవు. వెండ్రుకకంటె ఎంతో సన్నములై, గజము పొడవునకు చేరు నీ తంతువులలో రాత్రింబగళ్ళు సరకుల రవాణా జరుగుచుండును. మనము నిద్రించు వేళ సైతము అది నిలువదు. ఆ రవాణాకు కూలి చెల్లించు నాణెమును మొదట గుర్తించిన కొద్దిమందిలో నొకరు గోదావరీ మండలమున పుట్టిన తెలుగువారు. వారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి కృషివలన వెలువడిన మందులు మన పల్లెలలో ఇంటింటను చేరినవి. వారి పేరు మాత్రము చాలకాలము ఆ యిండ్లకు చేరలేదు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నాటి మద్రాసు రాజధానికి చేరిన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాల్గవవారు. తండ్రి ఆరోగ్యము చెడి ఉద్యోగము సాగకపోగా కుటుంబభారము తల్లిపై పడెను. ఆ తల్లికి ధనము తక్కువ, పట్టుదల యెక్కువ.

బాల్యమున సుబ్బారావుగారు చదువులో మేటి యనిపించుకొన్నవారు కారు. రాజమహేంద్రవరమున చదువుచుండగా, కాశీక్షేత్రమునకు పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచి పోయిరి. త్రోవలోనే పట్టుబడి తిరిగి వచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మద్రాసులోని హిందూ హైస్కూలునుండి మూడవ పర్యాయము ఉత్తీర్ణులైరి. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచు రామకృష్ణ మఠమువారి సాంగత్యమున సన్న్యాసము స్వీకరింప తలచిరి. తల్లి యనుమతింపలేదు. ప్రజలకు సేవచేయు మార్గము వైద్యమునందును కలదని గ్రహించి వారు మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు చదువునకు సాయపడిరి. తరువాత వారి కుమార్తె శేషగిరిగారిని సుబ్బారావుగారు 1919లో పరిణయమాడిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట ప్రతిధ్వనించుచున్న దినములు. సుబ్బారావుగారు ఖద్దరుతో కుట్టించిన దుస్తులు ధరించి శస్త్రశాలలో ప్రవేశించిరి. శస్త్రవైద్యమును బోధించు ఆంగ్లేయాచార్యునకు అది కంటగింపయ్యెను. పరీక్షలు బాగుగనే వ్రాసినను, ఫలితములు వెలువడునప్పటికి ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే వారికి దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించిరి, లభింపలేదు. అంతట ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రమును బోధించుచు కొంతకాలము గడపిరి.

ఈలోపల ఆ కుటుంబమునకు గొప్ప విపత్తు సంభవించెను. స్ప్రూ అను గ్రహణివ్యాధి వారి సోదరుల నిద్దరను కొద్ది దినముల వ్యవధిలో పొట్టనబెట్టుకొనెను. తినిన యన్నము వంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు ఎముకల గూడై నశించు వ్యాధి యది. సుబ్బారావుగారికిని అది సోకెను. లక్ష్మీపతిగారి చికిత్సవలన బ్రతికి బయటపడిరి. ఏ కారణమున ఈ వ్యాధి పుట్టుచున్నది, దీనికి మందెక్కడ దొరకును అను ప్రశ్న అప్పటినుండి వారిని విడువలేదు. మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ సాయమును పొంది, భార్యను పుట్టినింట విడిచి వారు అమెరికాకు ఓడయెక్కిరి. మరల స్వదేశమును చూచు భాగ్యము వారికి లేకపోయెను. వారు వెడలిన పిమ్మట జన్మించిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ శిశువును కన్నులార చూడనైన లేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యవిద్యాలయమునందు వారు 1924లో డిప్లొమా పొందిరి. మద్రాసు పట్టముతో అచట వైద్యుడుగా పనిచేయు వీలులేదు. పగలు చదువు, రాత్రులు బోస్టను నగరమునందలి యొక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచు కొలువు. ఆ కూలితో గదియద్దెయు తిండియు గడచినవి. పిదప జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కు అను ఆచార్యునివద్ద పరిశోధకుడుగా చేరిరి.

అచట వారు చేపట్టిన మొదటిపని చూపునకు స్వల్పము. రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత కలదో కొలుచుటకు ఒక సులభమార్గము కావలసియుండెను. పరీక్షింపవలసిన ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చినచో నీలవర్ణము తేలును. భాస్వరమెంత యున్నచో నీలమంత చిక్కనగును. ఫిస్కు-సుబ్బారావు పద్ధతియని పేరుగాంచిన యీ విధానము 1925లో ప్రకటితమయ్యెను. ఆసుపత్రులలోను పరిశోధనశాలలలోను తరతరముల విద్యార్థులు దీనిని అభ్యసించిరి. గొప్ప విషయములకు త్రోవతీసినది ఈ చిన్న తూనికయే.

కండరమునుండి తీసిన ద్రవమును ఈ పద్ధతిని పరీక్షించుచుండగా నీలవర్ణము వెంటనే పూర్తిగా తేలక, నెమ్మదిగా చిక్కబడుచు వచ్చెను. వేరొకరైనచో తప్పు తమ పనిలోనో మందులలోనో ఉన్నదని పారబోసియుందురు. వీరు అట్లు చేయలేదు. భాస్వరము కండరమున మరియొక పదార్థముతో వదులుగా ముడివడియున్నదనియు, ఆ ముడి విడిన కొలదిని లెక్కకు వచ్చుచున్నదనియు గ్రహించిరి. అట్లు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము లోకమునకు తెలిసెను. ఇంచుమించు అదేకాలమున ఇంగ్లండులో ఎగిల్టను దంపతులు కూడ దానిని గమనించిరి. కండరము పనిచేయుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతవరకు పండితులు తలచుచుండిరి; ఆ విషయమును శోధించిన హిల్, మేయర్‌హాఫ్ అను వారికి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. ఫాస్ఫోక్రియాటిన్ బయలుపడిన పిమ్మట ఆ సిద్ధాంతము నిలువలేదు.

ఆ తరువాత 1929లో ఫిస్కు, సుబ్బారావుగారలు కండరమునుండి అడినోసీన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును వేరుచేసి ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీదేశమందు కార్ల్ లోమాన్ స్వతంత్రముగా దానినే కనుగొనెను. దానిని క్లుప్తముగా ఎ.టి.పి. యందురు. ఒక కణికకు వరుసగా మూడు ఫాస్ఫేట్లు తగిలించినట్లుండు పదార్థమిది. చివరి ఫాస్ఫేటు విడిపోవునపుడు శక్తి వెలువడును. కణములు ఆ శక్తితో తమ పనులు నడుపుకొనును. విడిపోయిన ఫాస్ఫేటును అన్నమునుండి వచ్చిన శక్తితో మరల తగిలించుకొనును.

గృహస్థుడు ధాన్యమును ఇంటనుంచుకొనినను, సంతలో ధాన్యము కొలిచి ప్రతివస్తువును కొనజాలడు. దానిని నాణెముగా మార్చుకొనవలెను. అన్నము దేహమునకు ధాన్యము, ఎ.టి.పి. నాణెము. ఫాస్ఫోక్రియాటిన్ అత్యవసరమునకు దాచిన ముల్లె. నాణెము తరుగగానే దానినుండి తీసి పూరింతురు. దేహమున ఏ క్షణమునందైనను ఉండు ఎ.టి.పి. కొద్ది తులములు మాత్రమే. అయినను అది వేలమారులు ఖర్చయి, వేలమారులు తిరిగి తయారగుచుండుటవలన, ఒక దినమున చేతులు మారు మొత్తము మనుష్యుని బరువులో సగమునకు తగ్గదు. చీమ మొదలు ఏనుగు వరకు, గడ్డిపరక మొదలు మఱ్ఱిచెట్టు వరకు ఈ నాణెమే చెల్లుబడి యగుచున్నది.

సుబ్బారావుగారు నాడులనుగూర్చి పరిశోధించినవారు కారు; వారు పనిచేసినది కండరములపై. కాని వారు చూపిన నాణెము నాడులలో ఎట్లు ఖర్చగుచున్నదో తెలియుటకు మరి యేబది యరువది సంవత్సరములు పట్టెను. ఆ వృత్తాంతము నెరిగినగాని వారి కృషి విలువ పూర్తిగా బోధపడదు.

నాడీకణమునకు ఒక దేహభాగమును, దానినుండి బయలుదేరు పొడవైన తంతువును ఉండును. ఈ తంతువును ఆక్సాన్ అందురు. కణమునకు కావలసిన మాంసకృత్తులలో అధికభాగము దేహభాగముననే తయారగును. వెన్నెముకలో నున్న ఆ కర్మాగారమునుండి పాదమునందలి తంతువు కొన వరకు సరకు చేరవలెను. చేరనిచో కొన ఎండిన కొమ్మవలె నశించును. 1948లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ వైస్, హెలెన్ హిస్కో అను వారు జంతువుల నాడిని ఒకచోట బిగించి చూచిరి. గండికి అడ్డు వేసిన కాలువనీరు ఎగువన ఉబ్బినట్లు, తంతువులోని పదార్థము కణదేహమువైపున పోగుపడెను. బిగింపు సడలించినంతనే అది దినమునకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున దిగువకు సాగెను. తంతువు వట్టి తీగవంటిది కాదనియు, దానిలో నిరంతర ప్రవాహమున్నదనియు స్పష్టమయ్యెను. సుబ్బారావుగారు కన్నుమూసినదియు ఆ సంవత్సరముననే.

ఇంతకంటె వేగముగా సాగు రవాణా కూడ కలదని తరువాత తేలెను. సిడ్నీ ఆక్స్ అను శాస్త్రజ్ఞుడు పిల్లుల తొడనాడులలో దీనిని కొలిచి, దినమునకు సుమారు 410 మిల్లీమీటర్ల వేగమని నిర్ణయించెను. ఆ లెక్కను ఒక మీటరు దూరము రెండున్నర దినములలో గడచును. నాడికి ప్రాణవాయువు అందకుండ చేయగా పావుగంట ప్రాంతమున రవాణా నిలిచిపోయెను, ఎ.టి.పి. నిలువయు తరిగిపోయెను. సరకును మోయుటకు కూలి కావలెననియు, ఆ కూలి ఎ.టి.పి. రూపమున చెల్లవలెననియు 1971 నాటి యీ ప్రయోగములు నిరూపించినవి.

ఇక మోయువారెవరు? బోస్టనుకు దక్షిణముగా సముద్రతీరమున వుడ్స్ హోల్ అను పరిశోధనాస్థానము కలదు. అచట 1985లో రొనాల్డ్ వేల్, మైకేల్ షీట్జ్, థామస్ రీస్ అను వారు స్క్విడ్ అను సముద్రజీవియొక్క పెద్ద నాడీతంతువును పరిశీలించి కైనెసిన్ అను మాంసకృత్తును కనుగొనిరి. తంతువు పొడవునను సూక్ష్మనాళికలు అను సన్నని బాటలు పరచియుండును. కైనెసిన్‌కు రెండు పాదములవంటి భాగములుండును. ఒక పాదము బాటను పట్టియుండగా రెండవది ముందునకు పడును. పూర్వము గోదావరి కాలువలపై పడవను గట్టునుండి త్రాటితో లాగినట్లే, ఇదియు సరకుసంచిని వెంటగొని నడచును. దాని అడుగు ఎనిమిది నానోమీటర్లు. అనగా మీటరును నూరుకోట్ల భాగములు చేసిన, అందులో ఎనిమిది భాగములు. అడుగునకు ఒక ఎ.టి.పి. అణువు ఖర్చు. అడుగు పడనిదే నాణెము చెల్లదు, నాణెము చెల్లనిదే అడుగు పడదు.

లెక్క వేసి చూడుడు. ఒక మీటరు దూరము నడచుటకు పన్నెండున్నర కోట్ల అడుగులు. పన్నెండున్నర కోట్ల ఎ.టి.పి. అణువులు. ఒక గ్లూకోజు అణువు ప్రాణవాయువుతో పూర్తిగా దహింపబడినచో సుమారు ముప్పది ఎ.టి.పి.లు లభించును. కావున ఒక సంచిని వెన్నెముకనుండి పాదమునకు చేర్చుటకు ఒక్క కైనెసిన్ లాగు లెక్కన నలుబది లక్షలకు పైచిలుకు గ్లూకోజు అణువులు కావలెను. సంఖ్య పెద్దదిగా తోచవచ్చును. కాని ఒక పంచదార పలుకులోని అణువులు దీనికి వేలకోట్ల రెట్లు.  ఒకే కైనెసిన్ మొదటినుండి తుదివరకు పోదు. నూరు అడుగుల ప్రాంతము నడచి వదలును, వేరొకటి అందుకొనును. కొననుండి వెనుకకు రావలసిన పాతసరకును డైనీన్ అను మరియొక మాంసకృత్తు తెచ్చును. దానికిని కూలి ఎ.టి.పి.యే. నాడి తన వార్తలను పంపుటకు చేయు ఖర్చు దీనికంటె ఎక్కువది; కాని రవాణా ఖర్చు చిన్నదైనను ఒకనాడైన ఆపదగినది కాదు.

ఈ నాణెము దారిపొడవున ఎచటనుండి లభించును అను ప్రశ్న మిగిలెను. తంతువులో అచ్చటచ్చట మైటోకాండ్రియా అను శక్తిగృహములు కలవు. అవి ప్రాణవాయువుతో ఎ.టి.పి.ని తయారుచేయును. అంతయు అచటినుండియే వచ్చునని చాలకాలము తలచిరి. ఫ్రాన్సుదేశమందు ఫ్రెడెరిక్ సొదూ బృందమువారు 2013లో ఒక వింతను ప్రకటించిరి. వేగముగా పోవు చిన్న సరకుసంచుల పైననే గ్లూకోజును విరిచి ఎ.టి.పి. చేయు మాంసకృత్తులు అమరియున్నవట. అనగా ఆ సంచి తనకు కావలసిన కూలిని తానే త్రోవలో తయారుచేసికొనుచు పోవును. దూరప్రయాణమునకు పోవు రైతు బండిక్రింద గడ్డిమోపు కట్టుకొని పోవడా? శక్తిగృహము దూరముగా నున్నచోట ఎద్దులు ఆకలిగొని నిలిచిపోకుండుటకు ప్రకృతి చేసిన యేర్పాటది. మైటోకాండ్రియా మాత్రము తాము కదలునపుడు తాము చేసిన ఎ.టి.పి.నే వాడుకొనును. వృద్ధాప్యమున వచ్చు పలు నాడీరోగములలో ఈ రవాణా కుంటువడుట కనబడుచున్నందున వైద్యలోకము నేడు దీనిని శ్రద్ధతో పరిశీలించుచున్నది. ఈ శోధనలన్నిటికి ఆధారమైన పదార్థము 1929లో ఆ తెలుగు పరిశోధకుని చేతులమీదుగ వెలువడినదే.

ఇంతటి పనికి హార్వర్డులో వారికి దక్కిన ఫలము స్వల్పము. 1930లో పిహెచ్.డి. పట్టము వచ్చెను. స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. పరిశోధనపత్రములపై మొదటిపేరు ఫిస్కుది. సుబ్బారావుగారు వేరుచేసిన మరికొన్ని పదార్థములు ఫిస్కుయొక్క అసూయవలన వెలుగు చూడలేదనియు, వానిని తరువాత ఇతరులు మరల కనుగొనవలసి వచ్చెననియు, ఆనాడు అచట సహపరిశోధకుడై, 1988లో నోబెల్ బహుమానమందిన జార్జి హిచింగ్స్ చెప్పియున్నాడు. సుబ్బారావుగారు మాత్రము వాదమునకు దిగలేదు. 1940లో హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రమునందలి పెర్ల్ రివర్ గ్రామమున లెడర్లీ ఔషధసంస్థలో చేరి, అచట పరిశోధనలకు నాయకులైరి.

అప్పటినుండి వారి జీవితమున పంటకాలము. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. మరుసటి సంవత్సరమున స్ప్రూ రోగులకు అది దివ్యౌషధమని తేలెను. తమ సోదరుల నిద్దరను బలిగొన్న వ్యాధికి మందు వారి శాలనుండియే వెలువడినది; సోదరులకు మాత్రము అది అందలేదు. గర్భిణులకు ముందుగనే ఫోలిక్ ఆమ్లమిచ్చినచో శిశువుల వెన్నుపాము లోపములు చాలవరకు తొలగునని 1991లో నిర్ధారణ యయ్యెను. అదే ఆమ్లమును కొంచెము మార్చి చేసిన అమినోప్టెరిన్ అను మందుతో బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ వైద్యుడు రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న పిల్లలకు చికిత్సచేసి, పదునారుగురిలో పదిమందికి తాత్కాలికమైన మేలు కలిగినట్లు 1948లో ప్రకటించెను. దానికి తోబుట్టువైన మెథొట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. వారి నాయకత్వముననే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొనెను. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అది ఆద్యము. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ 1947లో వెలువడెను. కోస్తా పల్లెలలో బోదకాలు పడినవారి బాధ ఎరుగనివారుండరు. ఆ వ్యాధి నిర్మూలనకై ఊరూరను ప్రజలచేత మ్రింగించిన డి.ఇ.సి. మాత్రలు ఆ హెట్రజానే.

ఇన్ని పనులు జరిగినను పత్రికలలో వారి ముఖచిత్రము కానరాదు. ఘనత సహచరులకు విడిచి తాము వెనుక నిలుచుట వారి స్వభావము. అమెరికాలో ఇరువదియేండ్లకు మించి నివసించియు ఆ దేశపౌరసత్వమును స్వీకరింపలేదు. 1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రించినవారు మరల లేవలేదు. గుండె ఆగి మరణించినట్లు మరునాడు తెలిసెను. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. 1953లో క్రొత్తగా గుర్తించిన యొక శిలీంధ్రమునకు వారి పేరు కలియునట్లు సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత ప్రభుత్వము వారి చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను.

గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఈ చరితమునందు గమనింపదగినవి రెండు కలవు. పరీక్షలో రెండుమారులు తప్పిన బాలుడే లోకమంతటి ప్రాణులకు చెల్లు నాణెమును చూపెను. తప్పినంతమాత్రమున ఎవరి లెక్కయు మూయబడదు. రెండవది, నీలవర్ణము ఆలస్యముగా తేలినప్పుడు దానిని పారబోయక కారణము వెదకిన ఓపిక. ఆ ఓపికయే లేనిచో ఫాస్ఫోక్రియాటిన్ లేదు; ఎ.టి.పి.కి త్రోవయు దొరకియుండెడిది కాదు. ఈ పుటను పఠించు పాఠకుని కంటినుండి మెదడునకును, మెదడునుండి పుట త్రిప్పు వ్రేళ్ళకును సాగియున్న నాడులలో ఈ క్షణమున సరకు నడచుచునే యున్నది. అడుగడుగునకు చెల్లుచున్న నాణెము సుబ్బారావుగారు మనకు ఎరుకపరచినదే.